శివుడు కాదన్న పువ్వు పేరు పాపకి పెట్టొచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేం తరతరాలుగా ఒడిశాలోని బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్ళం. మా పాపకి ఇప్పుడు మూడో నెల. పునర్వసు మొదటి పాదంలో పుట్టింది, 'కే' అక్షరంతో పేరు పెట్టమన్నారు పంతులుగారు. నాకు వెంటనే 'కేతకి' తట్టింది, అంటే మొగలి పువ్వు. నా పుట్టిల్లు ఛత్రపురం దగ్గర ఒక పల్లె. తాతగారి పొలం గట్ల మీదంతా మొగలి పొదలే. వానాకాలంలో తెల్లారకముందే పూలు కోసి అత్తరు బట్టీకి పంపేవారు. అందులోంచి ఒక్కటి మాత్రం మామ్మ తీసుకుని పట్టుచీరల పెట్టెలో వేసేది. మావారు పేరు బాగుందన్నారు. అత్తగారు మాత్రం ససేమిరా అంటున్నారు. అది శివుడు శపించిన పువ్వు, అబద్ధపు సాక్ష్యం చెప్పింది, పూజకి పనికిరాని పువ్వు పేరు ఇంటి ఆడపిల్లకి పెడతారా అని ఆవిడ బాధ. పైగా మొగలి పొదలో పాములుంటాయంటారు. ఆడపడుచేమో 'కేశవి' అని పెట్టేస్తే గొడవే ఉండదంటోంది. బారసాల అయిపోయినా పేరు తేలక అందరం 'బుజ్జి' అనే పిలుస్తున్నాం. ఐదో నెలలో అన్నప్రాశన. అసలీ పేరు ఎక్కడిది? ఎవరైనా పెట్టుకుంటున్నారా? నిజంగా దోషం ఉందా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, బరంపురం)

జవాబు: దోషం ఏమీ లేదమ్మా, నిక్షేపంలా పెట్టుకోండి. కాకపోతే అత్తగారితో 'ఇవన్నీ మూఢనమ్మకాలండీ' అని మాత్రం అనకండి. ఆవిడ ఊరికే అనడం లేదు. ఆ కథ శివపురాణంలో, విద్యేశ్వర సంహితలో ఉన్నదే. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్పని వాదించుకుంటుంటే మధ్యలో అగ్నిస్తంభం వెలిసింది. విష్ణువు మొదలు వెతుకుతూ కిందికి వెళ్ళి, కనపడలేదని ఒప్పుకున్నాడు. పైకి వెళ్ళిన బ్రహ్మకి దారిలో రాలుతున్న మొగలి పువ్వు ఎదురైంది. నేను కొస చూశానని సాక్ష్యం చెప్పమని దాన్ని బతిమాలాడు. అది చెప్పింది. శివుడికి కోపం వచ్చి, నిన్ను నా పూజలో వాడకూడదు పొమ్మన్నాడు. మన ఇళ్ళలో శివరాత్రినాడు చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది.

పురాణంలో ఆగలేదు. పువ్వు క్షమించమని వేడుకుంటుంది. శివుడు మెత్తబడి, సత్యం పలికేవాణ్ణి కాబట్టి నేను నిన్ను ధరించను గానీ నా భక్తులు ధరిస్తారు, దాంతో నీ జన్మ సఫలమవుతుంది, పందిరిగా నా తల పైన ఉంటావు అని వరమిస్తాడు. అంటే మాట తప్పకుండానే పువ్వుని తన దగ్గర పెట్టుకున్నాడన్నమాట. శాపం గుర్తున్నంతగా వరం ఎవరికీ గుర్తుండదు, మన జనం తీరే అంత. అత్తగారు పురాణం నమ్మే మనిషి కాబట్టి మిగతా సగం కూడా ఆవిడతోనే చదివించండి. ఇంట్లో పుస్తకం లేకపోతే మీ పంతులుగారినే అడగండి, ఆయన నోట వింటే మరీ మంచిది.

ఇంకో మాట. తెలంగాణలో, జహీరాబాద్ దగ్గర ఝరాసంగంలో పేరున్న శివాలయం ఒకటుంది. అక్కడి స్వామి కేతకీ సంగమేశ్వరుడు. కాదన్న పువ్వు పేరునే ముందు పెట్టుకుని కూర్చున్నాడు చూడండి! ఆ క్షేత్రంలో మొగలి పూలతోనే స్వామిని పూజిస్తారని చెబుతారు. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు. శివుడికే అభ్యంతరం లేనప్పుడు ఇక పేచీ ఏముంది?

బెంగాలు వైపు వెళితే సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ పాముల దేవత మనసాదేవి. శివుడి కూతురని వాళ్ళు కొలుస్తారు. ఆవిడకున్న పేర్లలో 'కేతక' ఒకటి, మొగలి ఆకుల మధ్య పుట్టిందని కథ. 17వ శతాబ్దంలో ఆవిడ మీద మంగళకావ్యం రాసిన కవి తన పేరే కేతకాదాస్ క్షేమానంద అని పెట్టుకున్నాడు. సాక్షాత్తూ శివుడి కూతురికున్న పేరు మీ కూతురికి ఎందుకు పనికిరాదు? పాముల భయానికీ ఇందులోనే జవాబుంది, పాముల్ని ఏలే తల్లి పేరే అది కదా.

నిజం పాముల మాటకొస్తే, మొగలి పొదల్లో పాములుంటాయన్నది అబద్ధమేం కాదు. గుబురుగా, చల్లగా, మనిషి చెయ్యి పెట్టలేనన్ని ముళ్ళతో ఉండే చోట పాముంటుంది, కప్పుంటుంది, ఎలుకా ఉంటుంది. వాసనకి వస్తాయన్నది మాత్రం మనవాళ్ళ ఊహే. ఈ నింద కూడా కొత్తది కాదు. చాణక్య నీతి చివరి అధ్యాయంలో కేతకిని ఉద్దేశించి ఒక శ్లోకం ఉంది. పాములకి నెలవైనా, కాయ కాయకపోయినా, ముళ్ళున్నా, వంకర తిరిగినా, బురదలో పుట్టినా, అందుకోవడం కష్టమైనా, అని దాని తప్పులన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టి, చివర 'గంధేన బంధురసి కేతకి సర్వజంతోః, ఏకో గుణః ఖలు నిహంతి సమస్తదోషాన్' అంటాడు. ఆ పరిమళం వల్లే అందరికీ చుట్టానివయ్యావు, ఒక్క గుణం చాలు దోషాలన్నీ పోవడానికి అని. పేరు పెట్టే రోజున ఈ శ్లోకం ఎవరిచేతైనా చదివించండి. మీ ఆడపడుచు చెప్పిన కేశవికి ఇంత మంచి శ్లోకం దొరుకుతుందేమో ఆవిడనే వెతకమనండి.

ఆ శ్లోకంలో 'కాయ కాయకపోయినా' అన్న మాట ఊరికే పడలేదు. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మనం పెట్టెలో దాచుకునే, జడలో పెట్టుకునే తెల్లటి వాసన రేకులన్నీ మగ చెట్టువే. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది గానీ ఆ ఘుమఘుమ ఉండదు. మీ తాతగారి గట్టు మీద పొదలూ మగవే అయ్యుంటాయి, పిలకలు తీసి నాటేటప్పుడు రైతులు వాసన పూలిచ్చే చెట్టునే ఎంచుకుంటారు కాబట్టి. మగ చెట్టు పువ్వుకి ఆడపిల్ల పేరు కుదిరిందన్నమాట! ఈ ముక్క అత్తగారి చెవిన వెయ్యనక్కర్లేదు, కొత్త పేచీ మొదలవుతుంది.

పేరు ఎక్కడిదని అడిగారు. కేతకి సంస్కృతం. మన పాత కావ్యాల్లో కనిపించే గేదగి, గేదంగి దాని నుంచి వచ్చినవే. కన్నడిగులు కేదిగె అంటారు. హిందీ, మరాఠీల్లో కేవడా, బెంగాలీలో కేయా, మీ చుట్టూ ఉన్న ఒడియావాళ్ళకి కియా. కాళిదాసు మేఘదూతంలో దశార్ణ దేశం మీదుగా మేఘం వెళ్ళేటప్పుడు, అక్కడి తోటల కంచెలు అప్పుడే కొసలు విచ్చుకున్న కేతక పూలతో తెల్లబారి ఉంటాయంటాడు. అంటే ఆ రోజుల్లోనూ మొగలి కంచెగానే ఉండేది, తొలి వానలకే విచ్చుకునేది. అదే కావ్యంలో ఉజ్జయిని మహాకాలుడి సంధ్యపూజకి ఆగి వెళ్ళమని మేఘానికి చెప్పిందీ ఆయనే. అంతటి శివభక్తుడికి ఈ పువ్వు పేరెత్తడానికి సంకోచం కలగలేదు.

ఎవరు పెట్టుకుంటున్నారంటే, మరాఠీవాళ్ళలో ఇది బాగా నలిగిన పేరే. గాయని, నటి కేతకీ మటేగావ్‌కర్ వల్ల ఈ తరానికి ఇంకా దగ్గరైంది. గుజరాతీ రంగస్థలంలో, టీవీలో కేతకీ దవే ఉన్నారు. బెంగాలీ రచయిత్రి కేతకీ కుశారీ డైసన్ ఠాగూర్ కవితల్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. బెంగాలీలు దీన్నే పొట్టి చేసి కేయా అని కూడా పెట్టుకుంటారు. మహారాష్ట్రలో సిరొంచలోనో ధర్మాబాద్‌లోనో ఉన్న తెలుగువాళ్ళు పిల్లకి కేతకి అని పెడితే ఇదేం పేరని పక్కింటివాళ్ళు అడగరు. మన దగ్గరే అరుదు.

ఎందుకు అరుదంటే, నేను శివుడి శాపాన్ని మొదటి కారణంగా చెప్పను. తెలుగువాళ్ళం పూల పేర్లు పెట్టడంలో ఎప్పుడూ వెనకబడలేదు. పద్మ, కమల, మల్లిక, మాలతి, మాధవి, పారిజాతం, సంపంగి, ఇంటికొకరు చొప్పున ఉండేవారు. వీటిలో ఎక్కువ భాగం పెరట్లో చేతికందే పూలు, రోజూ పూజకి కోసుకునేవి. మొగలి ఊరి బయట కాలవ గట్టున, ఇసుక దిబ్బల మీద ఉంటుంది. ఆకు అంచులకీ ముళ్ళే, వెనక ఈనెకీ ముళ్ళే. కత్తి కట్టిన గెడ లేనిదే పువ్వు రాదు. అలాంటిదాన్ని పాపాయితో పోల్చుకోవడం పాతకాలం తల్లికి తోచలేదు. దానికి శాపం కథ కూడా తోడైంది, అంతే.

మీ జిల్లాలో మాత్రం ఆ మాట చెల్లకూడదు. దేశంలో మొగలి అత్తరు అంటే ముందు గంజాం పేరే చెబుతారు. ఛత్రపురం, రంగేయిలుండా, చికిటి, గంజాం బ్లాకుల్లో ఎన్నో కుటుంబాలకి అదే నాలుగు రాళ్ళు తెచ్చేది. తూకం కాదు, పువ్వుకింతని లెక్క. వాసన పోకముందే బట్టీకి చేరాలి కాబట్టి చీకటితోనే కోత. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళు పోసి, పూలు వేసి, ఆవిరి పోకుండా మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పక్క పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంచితే మొగలి అత్తరు తయారవుతుంది. ఏమీ పోయకపోతే కేవడా నీరు. దాని నుంచి తీసే అసలు తైలం రూహ్, బంగారం ధర పలుకుతుంది. కన్నౌజ్ అత్తరు వ్యాపారులు వచ్చి కొంటారు. బిర్యానీలో చల్లేదీ, మిఠాయి పాకంలో కలిపేదీ, పాన్ మసాలాలో వాసనొచ్చేదీ ఇదే. గంజాం కేవడా పువ్వుకీ, గంజాం కేవడా రూహ్‌కీ విడివిడిగా జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల తోటలూ ఇళ్ళూ ఎలా పోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. మొగలి వేళ్ళు ఇసుకని పట్టి ఉంచుతాయని తీరంలో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంత చేసే చెట్టు మీ నేల మీద ఉంటే, పేరు కోసం పేర్ల పుస్తకాలు తిరగెయ్యడం ఎందుకు?

ఇంకో కోణం కూడా చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అప్పటి మీ పెద్దల పేర్లు సింహాచలం, అప్పలనరసమ్మ అని ఉండుంటాయి. తర్వాత పిల్లలు ఒడియా బళ్ళకి వెళ్ళడం మొదలయ్యాక, రెండు వైపులా చెల్లేలా సుజాత, మమత అని పెట్టుకున్నారు. ఇప్పుడైతే తెలుగిళ్ళలోనూ సస్మిత లాంటి ఒడియా పేర్లు వినిపిస్తున్నాయి. తప్పేం లేదు. కానీ కేతకి అయితే ఏ పక్కా తగ్గక్కర్లేదు. ఒడియా టీచరమ్మ 'కేతొకీ' అని పిలుస్తుంది, విజయనగరం మేనత్త 'కేతకీ' అంటుంది, పిల్ల రెండింటికీ పలుకుతుంది.

నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించేది వేరే ఉంది, మీ ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తలేదు. మనకి ఏ పేరైనా ముద్దుగా కురచ చేసి చివర 'ఊ' తగిలించే అలవాటు. స్వాతి స్వాతూ అవుతుంది, గీత గీతూ అవుతుంది. ఈ లెక్కన కేతకి ఆర్నెల్లు తిరక్కుండా 'కేతూ' అవుతుంది. నవగ్రహాల్లో కేతువు! శాపానికే ఇంత బాధపడుతున్న అత్తగారు అది వింటే ఏమంటారో మీకు నేను చెప్పాలా? అందుకని ముద్దుపేరు కూడా ఇప్పుడే మీరే అనుకుని అలవాటు చేసెయ్యండి. ఒడియాలో పువ్వు పేరు కియా ఉంది గానీ, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ పేరు వినగానే మనవాళ్ళకి కారే గుర్తొస్తోంది. బళ్ళో పిల్లలు 'మైలేజీ ఎంత?' అని ఏడిపిస్తారు. బెంగాలీ కేయా అయితే నోటికి తేలిక, పువ్వు కూడా అదే. లేదూ, బుజ్జి ఉండనే ఉంది, నలభై ఏళ్ళొచ్చినా మనలో ఆ పేరు పోదు.

అత్తగారి సంగతి. ఆవిడ మీద నెగ్గి పేరు పెడితే, పిల్లకి జలుబు చేసిన ప్రతిసారీ 'నేను చెప్పలేదా' అన్న మాట పడాలి. అది మీకూ మంచిది కాదు, పిల్లకి అంతకన్నా కాదు. నామకరణంలో మనకి నక్షత్రనామం, మాసనామం, వ్యవహారనామం అని పేర్లు ఒకటికి మించి ఉంటాయి. వ్యవహారనామం కేతకి మీది. దానితోబాటు దేవుడి పేరొకటి ఆవిడనే ఎంచమనండి. పార్వతో, గౌరో, అన్నపూర్ణో, ఆవిడ ఇష్టం. మొక్కుబడిగా కాదు, ఆ పేరుతో ఆవిడ పిలుచుకుంటే పిలుచుకోనివ్వండి. వీలైతే అన్నప్రాశనకి ముందు పర్లాకిమిడి మీదుగా శ్రీముఖలింగం శివాలయానికి వెళ్ళి రండి. అర్చన చేయించేటప్పుడు గోత్రం, పేరు మీరు చెప్పకండి, ఆవిడ నోటితోనే 'కేతకి' అని స్వామికి చెప్పించండి. ఎవరితో అయితే పేచీ అనుకుంటున్నారో ఆయన ముందే తేల్చుకున్నట్టుంటుంది. అప్పటికీ ఆవిడ మనసు ఒప్పకపోతే మీవారిని మాట్లాడమనండి. తల్లికి నచ్చజెప్పే పని కొడుకుది. మీరు బాగుందంటే బాగుందని ఊరుకోవడం ఆయనకి సుఖమే, కానీ అది సరిపోదు.

ఒకవేళ ఎంతకీ కుదరక మరో పేరే పెట్టాల్సివస్తే, పునర్వసుకి కే, కో, హ, హి నాలుగు అక్షరాలూ ఉన్నాయి, నాలుగు పాదాలకి నాలుగు. మొదటి పాదం కాబట్టి 'కే' ఇచ్చారు. అక్షరం నక్షత్రనామానికే చూసి, పిలిచే పేరు నచ్చింది పెట్టుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అప్పుడు శేఫాలి పెట్టుకోండి. పారిజాతమే అది, ఒడియావాళ్ళకీ తెలిసిన పేరు. అయినా నా ఓటు కేతకికే.

ఇక కాగితాల పని. పేరు తేలలేదని కంగారు వద్దు. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి, అది ఆసుపత్రివాళ్ళు చేసే ఉంటారు, ఒకసారి చూసుకోండి. పేరు మాత్రం 12 నెలల్లోపు రుసుమేమీ లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే రుసుము కట్టి 15 ఏళ్ళ వరకూ వీలుంది. కాకపోతే అంత సాగదియ్యకండి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి ఓటు, పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఒక్క అక్షరం తప్పు పడినా పిల్ల పెద్దయ్యేదాకా దాని వెనక తిరగాలి.

ఆ అక్షరం దగ్గరే మన తెలుగువాళ్ళు దెబ్బతింటారు. 'త' రాయాల్సి వస్తే మనకి ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ పెట్టడం అలవాటు. ఒడిశాలో, మహారాష్ట్రలో ఒట్టి టీయే రాస్తారు, హెచ్ పెడితే 'థ' అని చదువుతారు. మీ పాప చదివేది బరంపురంలో కాబట్టి హెచ్ వద్దు. ఒడియాలో రాసేటప్పుడు చివర దీర్ఘం పడాలి, కౌంటర్‌లో ఉన్నవాళ్ళు హ్రస్వం వేస్తే అప్పుడే దిద్దించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా ఇంటి నుంచి బయల్దేరేముందే అనుకోండి. మనం ముందు పెడతాం, అక్కడ బడి రిజిస్టర్లలో వెనక రాస్తారు. ఒడిశాలోనే ఉండేట్టయితే వెనకే పెట్టించి, ఆధార్‌లోనూ అలాగే రాయించండి. అత్తగారు ఎంచిన పేరు ధ్రువపత్రంలో చేర్చకండి. రెండు పేర్లుంటే ఒక చోట రెండూ పడతాయి, ఇంకో చోట ఒకటే పడుతుంది, ఆ తేడా సరిచేయించడానికి మళ్ళీ అఫిడవిట్లు.